పిలుపా, పిలిచిన మనిషా?

ఉద్యమాల చరిత్ర రాసేవాళ్ల దగ్గర తేదీలుంటాయి, డిమాండ్ల జాబితా ఉంటుంది, లాఠీచార్జి ఎక్కడ జరిగిందో, జీవో ఎప్పుడొచ్చిందో ఉంటుంది. సభకు వచ్చిన వెయ్యిమందిలో ఎవరు ఎవరి మాట మీద వచ్చారో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. కరపత్రం చదివి వచ్చినవాళ్లెందరు, పక్కింటి అక్క ‘పద, పోయొద్దాం’ అంటే చెప్పులేసుకుని బయల్దేరినవాళ్లెందరు? కేసు పడ్డాక కోర్టు వాయిదాకు తోడెవరు వెళ్లారు? జైలుకెళ్లినవాడి ఇంట్లో ఆ నెల బియ్యం ఎవరు పోయించారు? న్యాయం కోసం జరిగే పనిలో సిద్ధాంతం వాటా ఎంతో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. మనిషికీ మనిషికీ మధ్య ఉండే నమ్మకం వాటా మాత్రం సంస్మరణ సభల్లో చెప్పుకునే మాటగానే మిగిలిపోయింది. ‘ఆయన అందరినీ పేరుపెట్టి పలకరించేవారు’ అంటారు, దండ వేస్తారు, అయిపోతుంది.

ఆ మాటను దండతో పాటు వదిలేసి రావడం తప్పు. అట్లాగని ఈ మధ్య ఎన్జీవోల శిక్షణ తరగతుల్లో చెబుతున్నట్టు, ముందు సంబంధాలు పెంచుకుంటే చాలు, మిగతావి వాటంతటవే చక్కబడతాయనడమూ నాకు మింగుడుపడదు. మన సమాజంలో సంబంధాలకు కరువెప్పుడు? పెళ్లికి, పంచాయితీకి, ఎన్నికలకు, కాంట్రాక్టుకు అన్నిటికీ సంబంధాలే. అవి ఏ గీత దాటి పోతాయి, ఎక్కడ ఆగిపోతాయి, వాటి ఖర్చు ఎవరు భరిస్తారు అన్నదే అసలు తగువు.

ఈ ప్రశ్నను లెక్కలతో పట్టుకున్న పరిశోధనల్లో పేరున్నది అమెరికాది. 1964 వేసవిలో మిసిసిపి రాష్ట్రంలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి, వాళ్ల పిల్లలకు బడులు నడపడానికి ఉత్తరాది కాలేజీల విద్యార్థుల్ని పిలిచారు. ప్రాణాపాయం ఉందని తెలిసే పిలిచారు. శిక్షణ ఇంకా నడుస్తుండగానే జూన్ 21న ముగ్గురు కార్యకర్తలు కనిపించకుండా పోయారు. ఆగస్టులో ఒక మట్టికట్ట కింద వాళ్ల శవాలు దొరికాయి. ఎంపికైన విద్యార్థుల్లో ఏడు వందల మందికి పైగా వెళ్లారు, రెండు వందల మందికి పైగా చివరిదాకా వచ్చి ఆగిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత డగ్ మెకాడమ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ పాత దరఖాస్తుల్ని ముందేసుకుని కూర్చున్నాడు. వెళ్లినవాళ్ల ఆదర్శాలు గట్టివనీ, ఆగినవాళ్లవి మెతకవనీ తేలాలి కదా. తేలలేదు. ఆశయాల దగ్గర ఇద్దరూ ఇద్దరే. దరఖాస్తులో ఒక గడి ఉంది: మీ సంగతులు ఎవరెవరికి తెలియజేయాలో కనీసం పది పేర్లు రాయండి అని. వెళ్లినవాళ్లు రాసిన పేర్లలో తమతోపాటు మిసిసిపికి బయల్దేరుతున్న స్నేహితులు ఎక్కువగా కనబడ్డారు. రేపు ఆగిపోతే ఏ మొహం పెట్టుకుని వాళ్లకు కనబడాలి? పిరికితనాన్ని ఆదర్శం ఆపలేని చోట ఈ మొహమాటం ఆపింది. మొహమాటానికి ఇంత గౌరవం దక్కిన సందర్భం నాకు తెలిసి మరోటి లేదు.

దగ్గరి స్నేహాలు మనిషిని అపాయంలోకి దింపగలవు గానీ కబురును దూరం మోయలేవు. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసిందే. కొత్త సంగతి ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తుందని మార్క్ గ్రానొవెట్టర్ 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించాడు. అమెరికాలోనే మాంట్‌గోమరీలో నల్లజాతివారు చేసిన బస్సుల బహిష్కరణ ఈ రెంటికీ ఉదాహరణ. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనంది, అరెస్టయింది, ఊరు కదిలింది. అదే ఊళ్లో, అదే ఏడాది మార్చి 2న క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ల పిల్ల కూడా సీటు వదలనంది, అరెస్టయింది. ఊరు కదలలేదు. పార్క్స్ పౌరహక్కుల సంఘానికి కార్యదర్శి, చర్చిలో మనిషి, కుట్టుపనితో పదిళ్లకు తెలిసినావిడ. కోల్విన్ పేదింటి పిల్ల, పార్క్స్‌కున్నంత పరిచయాలు లేవు. ఆ పిల్లను ముందు పెట్టి పోరాడటం పెద్దలకు కుదరదనిపించింది. పార్క్స్ గొప్పతనం దీనితో తగ్గదు. కానీ ఎవరికి జరిగిన అన్యాయం ఉద్యమం అవుతుందో, ఎవరిది రెండు లైన్ల వార్త అవుతుందో తేల్చేది చాలాసార్లు వాళ్లకున్న పరిచయాల విస్తృతే. మన దగ్గరా అంతే. పట్నంలో యూనివర్సిటీ స్నేహితులున్న కుర్రాడి చావుకూ, ఎవరూ లేని ఊళ్లో జీతగాడి చావుకూ పత్రికల్లో దొరికే జాగా చూస్తే చాలు.

ఇక మన నేల మీదకు వద్దాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి రాయని పత్రిక లేదు. 1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలికి పోయి, రాత్రి లాంతరు వెలుగులో పలకలు పట్టుకున్న ఆడవాళ్లకు, ఊరి ఆడవాళ్లంతా ఏకమై సారా దుకాణం మూయించిన కథ ఒక పాఠంగా వచ్చింది. 1992లో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు దాన్ని పాఠంగా చదివి ఊరుకోలేదు. దుకాణం మూసింది, సారా బండ్లు వెనక్కి తిరిగాయి, తర్వాత వేలంపాటలే ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్లకే ఆ నిషేధం సడలిపోయింది, అది వేరే కథ.

దీన్ని చదువు మహిమ అన్నవాళ్లున్నారు, పాఠం మహిమ అన్నవాళ్లున్నారు. రెండూ నిజమే. నాకు మాత్రం ఆ రాత్రిబడి కూర్పే ముఖ్యమనిపిస్తుంది. కలుపు తీసేటప్పుడు, బోరింగు దగ్గర, రేషన్ క్యూలో ఈ ఆడవాళ్లు రోజూ కలుస్తూనే ఉన్నారు. కాకపోతే ఆ కలయికలన్నీ పని మధ్యలోవి. చేతిలో కొడవలో, బిందెనో ఉంటుంది, మనసు ఇంటి మీద ఉంటుంది. ఏ పనీ లేకుండా ఒక గంట గుండ్రంగా కూర్చుని ఒకరి మాట ఒకరు వినడం రాత్రిబడితోనే మొదలైంది. తన మొగుడొక్కడే తాగుతున్నాడని సిగ్గుపడే మనిషికి, ఆ గుండ్రంలో ఉన్న ప్రతి ఇంటిదీ అదే గొడవని తెలిసిన రోజున సిగ్గు కోపంగా మారుతుంది. ఉద్యమం ఊరి నుంచి ఊరికి అంత వేగంగా ఎట్లా పాకింది? పత్రికలు రాశాయి, కార్యకర్తలు తిరిగారు, నిజమే. దానితోపాటు, మన ఆడవాళ్లకు రెండేసి ఊళ్లుంటాయని మరవకూడదు. పండక్కి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ‘మా ఊళ్లో కొట్టు మూయించాం’ అని చెబితే, ఆ మాటకున్న బలం కలెక్టరు ఉపన్యాసానికి ఉంటుందా?

ఇదే ఉద్యమం సంబంధాల రెండో ముఖాన్నీ చూపించింది. ఎదుటి పక్షం ఎవరు? సారా కాంట్రాక్టరు, అతని మనుషులు, వెనక ఎక్సైజు ఆదాయం లెక్కేసుకునే ప్రభుత్వం. వాళ్లతో తగువు నడివీధిలో. కానీ తాగొచ్చేది మొగుడు, అన్న, మరిది. వీధిలో గెలిచిన మనిషి అదే రాత్రి అదే ఇంట్లో అన్నం వడ్డించాలి. వ్యక్తిగత సంబంధాలు ఉద్యమానికి అండ అని రాసేవాళ్లు, అవే యుద్ధరంగమైన ఈ కోణాన్ని తరచు దాటేస్తారు.

ఖర్చు మాట కూడా ఇక్కడే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం మన సంస్కరణ చరిత్రకు గుమ్మం లాంటిది. ఊరు వెలివేసింది. వంటవాళ్లు రానన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. విద్యార్థులు కాపలా కాశారు, పోలీసులు నిలబడ్డారు. మరి వచ్చినవాళ్లు తినాలి కదా? ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసి, పొయ్యి ముందు కూర్చుని అందరికీ వండిపెట్టింది. ఆ తర్వాత ఒక్కొక్క పెళ్లికీ అదే వరస. పెళ్లయిన జంటలకు ఉండడానికి ఇల్లు దొరకదు, చుట్టాలు రానివ్వరు, పురుడుకు పుట్టిల్లు ఉండదు; వాళ్ల ఇంటి పెద్ద పాత్ర కూడా ఈ దంపతుల మీదే పడింది. ఒక మనిషిని ఆమె బంధువర్గం నుంచి విడదీసి న్యాయం చేశామంటే సరిపోదు, కొత్త బంధువర్గం కట్టి ఇవ్వాలి. వీరేశలింగం వాదాలు ఉపన్యాసాలుగా, పుస్తకాలుగా మిగిలాయి. ఆ నీళ్ల బిందెల గురించి ఆయనే రాసి ఉండకపోతే అవి మనకు తెలిసేవే కావు.

తెలంగాణ సాయుధ పోరాటంలోనూ ఇదే లెక్క. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల మాటల్ని వాళ్ల నోటితోనే చెప్పించిన పుస్తకం. దళాలకు అన్నం పెట్టినవాళ్లు, కబుర్లు మోసినవాళ్లు, తుపాకి పట్టినవాళ్లు, అడవిలో కని బిడ్డను దాచలేక వేరేవాళ్ల చేతుల్లో పెట్టినవాళ్లు అందులో మాట్లాడతారు. 1951లో పోరాటం విరమించాక చాలామందికి దొరికిన ఆదేశం ఇంటికి వెళ్లిపొమ్మని. ఏ ఇంటికి? పార్టీయే కుటుంబమని అన్నీ వదిలి వచ్చినవాళ్లకు ఆ కుటుంబం ఒక తీర్మానంతో ముగిసిపోయింది. ఆ పుస్తకంలోని గొంతుల్లో ఓటమి బాధ కన్నా ఈ విడిపోవడం బాధే ఎక్కువగా వినబడుతుంది. ఉద్యమాల్లో బంధాల ప్రాధాన్యం గురించి తెలుగులో అంతకన్నా పెద్ద పత్రం ఉందనుకోను. విచిత్రమేమంటే దాన్ని స్త్రీల చరిత్ర అన్న బీరువాలో పెట్టి తాళమేశాం. నిర్మాణం గురించి మాట్లాడేవాళ్లు దాన్ని తీసి చదవరు.

ఇంతవరకు చెప్పిందాన్ని బట్టి బంధాలుంటే ఉద్యమం నిలుస్తుందని, తెగితే మనుషులు కూలిపోతారని అనుకోవచ్చు. మన దేశంలో దీనికి కులం అడ్డం పడుతుంది. మనకు పుట్టుకతో వచ్చిన బంధాలన్నీ కులం కంచె లోపలివే. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపినవాళ్లనూ నడిపించింది సంబంధాలే: చుట్టరికాలు, ఒకరికి మాటొస్తే ఊరంతా కర్రలెత్తే కట్టుబాటు, అధికార పార్టీ దాకా పాకిన బంధుత్వాలు. బతికినవాళ్లు చీరాల దారి పట్టారు, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడి శిబిరానికి అన్నం మూటలు మోసుకొచ్చినవాళ్లు, పల్లెపల్లెనుంచి వచ్చి పక్కన కూర్చున్నవాళ్లు వాళ్లకు అంతకుముందు ముఖమైనా తెలియనివాళ్లు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి వచ్చారు. కత్తి పద్మారావు నాయకత్వంలో ఆ శిబిరం నుంచే సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. పాత బంధుత్వాల బలం ఒకవైపు, అప్పటికప్పుడు కట్టుకున్న కొత్త బంధం ఒకవైపు. న్యాయం కోసం చేసే పనికి కావలసింది ఈ రెండోది. ఇది దొరకదు, కట్టుకోవాలి.

కట్టుకునేటప్పుడు పాత ఇటుకలే చేతికొస్తాయి. ఒకే జెండా కింద ఇరవై ఏళ్లు కలిసి తిరిగినవాళ్ల మధ్య కూడా ఎవరిని ‘గారూ’ అంటారు, ఎవరిని ‘ఏరా’ అంటారు, తెల్లవారుజామున గోడల మీద రాయడానికి ఎవరు పోతారు, పత్రికాగోష్ఠిలో ఎవరు కూర్చుంటారు అన్నది చూస్తే కమిటీ జాబితా కన్నా నిజం తెలుస్తుంది. పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్, పార్టీలో కులం ప్రశ్న లేవనెత్తి 1980ల్లోనే బయటికి రావలసి వచ్చింది. కలిసి అజ్ఞాతంలో ఉన్నా, కలిసి చావుకు సిద్ధపడ్డా తీరని లెక్క ఒకటి ఉంటుందని ఆయన జీవితం చెబుతుంది. ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో రాసిన పుస్తకంలో ఈ కథంతా కుటుంబం లోపలి నుంచి కనబడుతుంది.

అంబేడ్కర్ దీన్ని ముందే పట్టుకున్నాడు. లాహోరు సభకు రాసి, నిర్వాహకులు వెనకాడితే 1936లో తానే అచ్చువేసిన ‘కుల నిర్మూలన’లో, సహపంక్తి భోజనాలతో కులం పోదని తేల్చి చెప్పాడు. కలిసి తిన్నంత మాత్రాన కులం కదలదు. నెత్తురు కలిస్తేనే తనవాడన్న భావం పుడుతుందన్నాడు. స్వేచ్ఛ, సమానత్వాలతో పాటు సౌభ్రాతృత్వాన్ని ఆయన పదేపదే ఎందుకు పట్టుకున్నాడంటే, మొదటి రెండూ చట్టంతో రాయించుకోవచ్చు. మూడోది లేకపోతే ఆ రెంటినీ కాపాడటానికి ప్రతి వీధికో కానిస్టేబుల్ కావాలి.

ఆ మాటను బతుకులో పెట్టి చూసినవాళ్లు మనకున్నారు. నాస్తికవాది గోరా కూతురు మనోరమకూ, దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్లి గాంధీ సమక్షంలో జరగాలనుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిపించారు. గోరా ఇంటికే కోడలిగా వచ్చిన హేమలత, కవి జాషువా కూతురు. ఆమె, భర్త లవణం 1970ల్లో స్టూవర్టుపురంలో పని మొదలుపెట్టారు. నేరస్థ తెగల చట్టం పోయి ఇరవై ఏళ్లు దాటినా ఆ ఊరి పేరు చెబితే దొంగలనే అనేవారు. ఏ జిల్లాలో దొంగతనం జరిగినా పోలీసు జీపు ముందు ఆ ఊరికే వచ్చేది. హేమలత అక్కడికి ఫైలు పట్టుకుని వెళ్లలేదు, ఇళ్లలోకి వెళ్లి కూర్చుంది, వాళ్ల చేతి అన్నం తింది. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్యకూ అట్లాగే వెళ్లింది. ఈ పనిలో ప్రభుత్వంతో మాట్లాడటం, భూములు, ఉపాధి ఇప్పించడం కూడా ఉన్నాయి. అవి లేకుండా ఆ అన్నం ఒక్కటే ఉంటే అది సందర్శన అయ్యేది.

కలిస్తే ద్వేషం తగ్గుతుందా అన్నదాని మీద గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే షరతులు పెట్టాడు: ఇద్దరి హోదా సమానంగా ఉండాలి, ఇద్దరిదీ ఒకే లక్ష్యం కావాలి, కలిసి పనిచేయాలి, పైనుంచి వ్యవస్థ మద్దతు ఉండాలి. మన పల్లెల్లో భూస్వామి, జీతగాడు రోజుకు పన్నెండు గంటలు కలిసే ఉండేవారు, ద్వేషం తగ్గిందా? ఈ మధ్య ఉత్తరప్రదేశ్‌లో మాట్ లో అనే ఆర్థికవేత్త చేసిన ప్రయోగం ముచ్చటగా ఉంటుంది. వేర్వేరు కులాల కుర్రాళ్లతో క్రికెట్ లీగులు పెట్టించాడు. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్లుగా తలపడినవాళ్లలో ఆ మేలు లేదు, కొన్ని విషయాల్లో వ్యవహారం వెనక్కే పోయింది. 2021లో అచ్చయిన ఈ ఫలితం చూశాక, ‘అందరం కలిసుందాం’ అనే బోర్డులు రాయించేవాళ్లు ముందు జట్లెట్లా కట్టారో చెప్పాలనిపిస్తుంది.

శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల్ని బడికి మళ్లించిన పద్ధతిలో ఈ జట్టు కట్టడం బాగా కనిపిస్తుంది. పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదన్నది అప్పట్లో చదువుకున్నవాళ్లందరి నమ్మకం. సంస్థ కార్యకర్తలు అదే ఊళ్లలో మొదటి తరం చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు. ఇంటి అరుగు మీద కూర్చుని అడిగితే తెలిసింది వేరు: బడిలో చేర్చుకోరు, చేర్చుకున్నా వయసు మించిందంటారు, ఫారం నింపడం రాదు. యజమానితోనూ మాట్లాడాలి, హెడ్మాస్టరుతోనూ మాట్లాడాలి. ఒక విషయంలో మాత్రం బేరం లేదు: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. పలకరింపు ఎంత మెత్తగా ఉన్నా సూత్రం అంత గట్టిగా ఉంచారు కాబట్టి ఆ పని నిలిచింది.

ఇప్పుడు చేదు భాగం. బంధాన్ని తాకట్టు పెట్టుకోవచ్చని మన రాష్ట్రం ప్రపంచానికి చూపించింది. సారా ఉద్యమం తర్వాత నెల్లూరులో రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు వచ్చాయి, రాష్ట్రమంతా పాకాయి. ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరిగింది. ఆ నమ్మకం మీదే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వాలాయి. ఆస్తి పూచీ అక్కర్లేదు, గుంపు పూచీ చాలు. వారం వారం పొద్దున్నే మీటింగు, చాప మీద వరసగా కూర్చోవాలి, ఎవరి కిస్తీ తగ్గినా మిగతావాళ్లు వేసుకోవాలి, అది తేలేదాకా ఎవరూ కూలికి కదలకూడదు. ‘ఏం వదినా, నీ మూలంగా మా అందరికీ కూలి పోతోంది’ అని నిన్నటిదాకా కూర గిన్నె ఇచ్చిపుచ్చుకున్న మనిషే గుమ్మంలో కూర్చుంటుంది. కంపెనీ మనిషి గొంతు పెంచనక్కర్లేదు. ఆత్మహత్యల వార్తలు వరసపెట్టాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ‘సామాజిక పెట్టుబడి’ అని సెమినార్లలో మురిసిపోయే మాట వింటే నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది.

సంస్థల లోపల ఇదే జబ్బు మరో రకంగా ఉంటుంది. నాయకుడు, నియమాలు ఏవీ వద్దు, అందరం స్నేహితులమే అనుకునే బృందంలో పాత స్నేహితుల గుంపే చాటుమాటు నాయకత్వమవుతుందని, ఎన్నుకోని నాయకత్వాన్ని దించే దారి కూడా ఉండదని అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే రాసింది. యాభై ఏళ్లు దాటినా ఏ సంఘంలో చదివి వినిపించినా ఎవరో ఒకరు తల దించుకుంటారు. లైంగిక వేధింపు ఆరోపణ వచ్చినప్పుడు ఈ స్నేహాల అసలు రంగు బయటపడుతుంది: ‘మనవాడే కదా, ఉద్యమానికి చెడ్డపేరు’. ఇక్కడే రాజస్థాన్‌లోని భన్వరీదేవిని గుర్తుచేసుకోవాలి. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ఆమె ‘సాథిన్’, అంటే ఊరికి తోడు. సొంత ఊళ్లో పసిబిడ్డ పెళ్లి ఆపబోయినందుకు 1992లో ఊరివాళ్లే ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారని కేసు. ఊరు వెలివేసింది, 1995లో కింది కోర్టు నిందితుల్ని ఆ నేరం నుంచి విడిచిపెట్టింది. ఊరి బంధాల్లో ఉన్న మనిషిని కార్యకర్తగా పెట్టుకుంటే పని సులువవుతుందని లెక్కేసిన ప్రభుత్వం, ఆ బంధాలు తిరగబడితే ఆమెకు రక్షణేమిటో ఆలోచించలేదు. స్త్రీల సంఘాలు ఆమెకు అండగా నిలబడి కోర్టుకెక్కితే 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు ‘విశాఖ’ తీర్పు వచ్చింది. పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలన్న నియమం అక్కడి నుంచి వచ్చిందే. దాని అవసరం మిగతా ఆఫీసుల కన్నా ‘మనమంతా ఒక కుటుంబం’ అనుకునే ఉద్యమ సంస్థలకే ఎక్కువ.

ఒక్క మనిషి మీద ఉన్న నమ్మకం ఎంత దూరం మోయగలదో ఎస్.ఆర్. శంకరన్ జీవితంలో చూడొచ్చు. సాంఘిక సంక్షేమ శాఖలో వెట్టి విముక్తి కోసం పల్లెపల్లె తిరిగిన ఐఏఎస్ అధికారి. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయనా ఉన్నారు. పదేళ్ల తర్వాత పౌరస్పందన వేదిక తరఫున ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ మధ్య మాట మోసిందీ ఆయనే. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు, ఇద్దరికీ శంకరన్ మీద ఉంది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయంటే ఆ నమ్మకం పుణ్యం చాలా ఉంది. 2005 జనవరికల్లా అవి విరిగిపోయాయి. మనిషి మీది నమ్మకం రెండు పక్షాల్నీ బల్ల దగ్గరికి తెచ్చింది. ఒప్పందాన్ని అమలు చేయించే యంత్రాంగం లేనప్పుడు అక్కడ కూర్చోబెట్టి ఉంచలేకపోయింది.

శంకరన్ చివరిదాకా దగ్గరుండి నడిపించిన పని సఫాయి కర్మచారీ ఆందోళన్. దాన్ని మొదలుపెట్టిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ఊళ్లో, చేతులతో మలం ఎత్తే పని చేసే కుటుంబంలో పుట్టాడు. ఇంట్లోవాళ్లు ఆ పని సంగతి అతనికి తెలియకుండా దాచారు. తెలిశాక అతను ముందు పోరాడాల్సి వచ్చింది ప్రభుత్వంతో కాదు, ఇదే మన బతుకని నమ్మిన సొంతవాళ్లతో. 1993లోనే ఈ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. పదేళ్లయినా చాలా రాష్ట్రాలు మా దగ్గర చేతులతో ఎత్తాల్సిన మరుగుదొడ్లే లేవని చెబుతూ వచ్చాయి. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆందోళన్ దగ్గర ఉన్న ఆయుధం ఊరిపేరు, వీధిపేరు, మనిషిపేరు, ఫొటో. ఆ వివరాలు ఏ సర్వే బృందానికీ దొరకవు. బుట్ట, చీపురు పట్టుకుని తెల్లారేలోపు పని ముగించుకుని వచ్చే ఆడమనిషి, అడిగింది అధికారి అయితే ‘ఆ పని మేం చేయం సార్’ అంటుంది. అదే పని చేసి మానేసిన ఇంకో ఆడమనిషి వచ్చి పక్కన కూర్చుని అడిగితే చెబుతుంది. అట్లా ఇల్లిల్లూ తిరిగి చేసిన జాబితాలే రాష్ట్రాల అఫిడవిట్లకు జవాబులయ్యాయి. 2014 మార్చి 27న వచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగుకాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షల పరిహారం ఇమ్మంది. 2023 అక్టోబరులో మరో తీర్పు దాన్ని ముప్పై లక్షలు చేసింది.

2021 జులైలో, చేతులతో మలం ఎత్తే పని వల్ల దేశంలో మరణాలేవీ నమోదు కాలేదని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. మురుగుకాలవలో దిగి చనిపోవడం ఆ నిర్వచనంలోకి రాదన్నది సర్కారు తర్కం. ఆ ఇళ్లకు వెళ్లొచ్చిన కార్యకర్తల దగ్గర చనిపోయినవాళ్ల పేర్లతో జాబితాలున్నాయి.